కుక్కపిల్లతో ప్రయాణం: పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుని సమాధానాలు

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఏడాది నిండని కుక్కపిల్లలను వెంటబెట్టుకుని ఊళ్లకు వెళ్లడం గురించే ఉన్నాయి. పండుగ దగ్గర పడుతున్నందువల్ల కొందరు తొందరలో రాశారు, కొందరు ఒకసారి చేదు అనుభవం ఎదురైన తరువాత రాశారు. వాటిలో ఎక్కువ మందికి పనికివచ్చే ఆరింటిని ఎంచుకుని, పాఠకుల పేర్లు లేకుండా ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: మా లాబ్రడార్ కూనకు నాలుగున్నర నెలలు. కారు ఎక్కిన పావుగంటకే చొంగ కార్చి వాంతి చేసుకుంటుంది. ఇప్పుడు కారును చూస్తేనే వెనక్కి లాగుతోంది. మూడు వారాల్లో సంక్రాంతికి హైదరాబాద్ నుంచి భీమవరం వెళ్లాలి. నిద్రమాత్ర వేసి తీసుకువెళ్లవచ్చునా? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: నిద్రమాత్ర వద్దమ్మా. మత్తులో ఉన్న కుక్కకు కడుపులో వికారం తగ్గదు, కాళ్లు నిలదొక్కుకునే శక్తి మాత్రం తగ్గుతుంది. పైగా మత్తులో వాంతి వస్తే అది ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉంది. మనుషులు వేసుకునే వాంతి మాత్రలను కూడా సొంతంగా వేయకండి.

కూనలలో శరీరపు తూకాన్ని చూసుకునే లోపలి చెవి భాగాలు ఇంకా పూర్తిగా ఎదగవు. అందువల్ల పెద్ద కుక్కల కంటే కూనలే కారులో ఎక్కువగా వాంతి చేసుకుంటాయి. చాలా కుక్కలకు ఏడాది వయసు వచ్చేసరికి ఈ బాధ దానంతట అదే పోతుంది. అయితే మీ కూన విషయంలో మరొకటి కూడా తోడైంది. కారును చూడగానే వెనక్కి లాగుతోందంటే, కారు అనగానే వికారం గుర్తుకు వస్తోందన్న మాట. చెవి ఎదిగినా ఈ భయం పోకపోవచ్చు. కాబట్టి ముందుగా పోగొట్టవలసింది దీన్నే. ఈ విషయంలో నేనూ ఒక తప్పు చేశాను. మా ఇంటి కుక్క చుక్క చిన్నగా ఉన్నప్పుడు దాని మొదటి మూడు కారు ప్రయాణాలూ టీకాల కోసం ఆసుపత్రికే జరిగాయి. నాలుగోసారి తాళంచెవుల చప్పుడు వినగానే అది మంచం కిందకు దూరింది. దాన్ని మళ్లీ ఇష్టంగా కారు ఎక్కించడానికి నాకు రెండు నెలలకు పైగా పట్టింది.

మీకు మూడు వారాలు ఉన్నాయి. మొదటి అయిదారు రోజులు కారును కదిలించకండి. ఇంజను ఆపి, రెండు తలుపులూ తెరిచి, కూన రాత్రి పడుకునే పాత దుప్పటిని వెనుక సీటుపై పరిచి, అన్నం గిన్నెను అక్కడే పెట్టండి. దానంతట అది ఎక్కితే సంతోషం, ఎక్కకపోతే మొదటిరోజు గిన్నెను తలుపు పక్కన నేలమీద ఉంచండి. ఎత్తి లోపల కూర్చోబెట్టడం మాత్రం వద్దు. లోపల నిశ్చింతగా తినడం మొదలుపెట్టిన తరువాత తలుపులు మూయండి, ఆ తరువాత ఇంజను వేసి కదలకుండా రెండు నిమిషాలు కూర్చోండి, ఆ పైన వీధి చివరి వరకు వెళ్లి రండి. రెండో వారంలో ఏదైనా ఖాళీ మైదానానికో, దానికి ఇష్టమైన మనుషులున్న ఇంటికో తీసుకువెళ్లండి. కారు దిగిన ప్రతిసారీ సూదిమందే ఎదురుకాకూడదు. ఈ అభ్యాసం జరుగుతున్నంతసేపు దాని ముఖం చూస్తూ ఉండండి. వాంతికి ముందు కుక్క మాటిమాటికీ పెదవులు నాకుతుంది, అవసరం లేకుండా ఆవులిస్తుంది, గుటకలు మింగుతుంది, తరువాత చొంగ కారుస్తుంది. పెదవులు నాకడం మొదలైనప్పుడే బండి ఆపి దించితే ఆ రోజు పాఠం మంచిగా ముగుస్తుంది. వాంతి అయ్యేదాకా నడిపితే వారం రోజుల శ్రమ వృథా అవుతుంది.

ఇంత చేసినా వికారం తగ్గకపోతే మారోపిటాంట్ అనే మందు ఉంది. ఇది మత్తు ఇవ్వదు, వాంతిని మాత్రమే ఆపుతుంది. ప్రయాణపు వాంతులకు దీన్ని నాలుగు నెలలు నిండిన కూనలకు ఇవ్వవచ్చు. మోతాదు బరువును బట్టి మీ వైద్యుడు నిర్ణయించాలి, బయలుదేరడానికి కనీసం రెండు గంటల ముందు వేయాలి. ప్రయాణం రోజున మూడు నాలుగు గంటల ముందే కొద్దిగా ఆహారం పెట్టండి, నీళ్లు మాత్రం ఆపకండి. కూనను ఒడిలో, ముఖ్యంగా బండి నడిపేవారి ఒడిలో పెట్టుకోకండి. ఛాతీకి తొడిగే హార్నెస్‌ను సీటు బెల్టుకు తగిలించండి, లేదా గట్టి క్రేట్‌లో ఉంచండి. మెడ పట్టీకి బెల్టు తగిలిస్తే సడన్ బ్రేకు వేసినప్పుడు మెడ దెబ్బతింటుంది. రెండు గంటలకొకసారి ఆపి దించండి. పండుగ ముందు రోజుల్లో పంతంగి టోల్ ప్లాజా దగ్గర బండ్లు బారులు తీరుతాయి కాబట్టి, వీలైతే తెల్లవారుజామునే దాన్ని దాటేటట్టు బయలుదేరండి.

భీమవరం చేరిన తరువాత వంటింటి వైపు ఒక కన్ను వేసి ఉంచండి. బంధువులు ప్రేమతోనే పెడతారు గాని, ఉడికిన నాటుకోడి ఎముకలు ముక్కలై పేగుల్లో గుచ్చుకుంటాయి, పాయసంలోని కిస్‌మిస్ కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, ఉల్లిపాయ, వెల్లుల్లి రక్తకణాలను పాడుచేస్తాయి. వెళ్లే ముందే పిడుదుల మందు వేయించండి. పశువుల పాకలు, గడ్డివాముల చుట్టూ తిరిగి వచ్చిన ప్రతిసారీ చెవుల లోపల, కాలివేళ్ల మధ్య చేత్తో తడిమి చూడండి. పిడుదుల వల్ల వచ్చే ఎర్లికియా, బబేసియా జ్వరాలు మన ప్రాంతంలో చాలా ఎక్కువ. పండుగ నుంచి తిరిగి వచ్చిన రెండు మూడు వారాలకు జ్వరంతో, నీరసంతో నా దగ్గరకు వచ్చే కుక్కలను ఏటా చూస్తున్నాను.

ప్రశ్న: మా ఇంటికి తొమ్మిది వారాల కూన వచ్చింది. టీకాలన్నీ పూర్తయ్యేదాకా గడప దాటించవద్దని ఇంట్లో పెద్దలు అంటున్నారు. నాలుగు నెలలు వచ్చేదాకా ఇంట్లోనే ఉంచితే పిరికిదవుతుందని మా స్నేహితుడు అంటున్నాడు. ఎవరి మాట వినాలి? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. పెద్దల భయానికి కారణం పార్వో. ఆ వైరస్ జబ్బు కుక్క మలంతో నేలమీద పడితే నెలల తరబడి బతికే ఉంటుంది, చెప్పుల అడుగున అంటుకుని ఇంట్లోకి కూడా వస్తుంది. టీకా సరిగా పట్టని కూనకు రక్తవిరేచనాలతో రెండు మూడు రోజుల్లో ప్రాణం మీదకు వస్తుంది. తల్లి నుంచి వచ్చిన రక్షణ కూన ఒంట్లో ఉన్నంతకాలం టీకా పూర్తిగా పని చేయదు, ఆ రక్షణ ఏ వారంలో పోతుందో ఒక్కో కూనలో ఒక్కో రకంగా ఉంటుంది. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి పదహారు వారాలు నిండేదాకా రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో టీకాను మళ్లీ మళ్లీ వేస్తాం. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేస్తాం.

మీ స్నేహితుని మాటకు కూడా గట్టి ఆధారం ఉంది. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే అమెరికా శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కూనలను పెంచి గమనించి, 1965లో తమ ఫలితాలను పుస్తకంగా ప్రకటించారు. సుమారు మూడో వారం నుంచి పన్నెండో వారం వరకు కూన మనసు కొత్తవాటిని సులువుగా స్వీకరిస్తుందని, ఆ కాలంలో మనుషులను చూడనివి తరువాత మనుషులంటే బెదురుతాయని వారు చూపారు. ఇప్పుడు తొమ్మిది వారాలంటే ఆ కాలంలో సగానికి పైగా గడిచిపోయింది. నాలుగు నెలల దాకా ఆగితే తలుపు దాదాపు మూసుకుపోతుంది.

కాబట్టి గడప దాటించండి, నేల మీద మాత్రం దించకండి. ఎత్తుకుని, లేదా భుజానికి వేసుకునే సంచిలో కూర్చోబెట్టి రోజుకు పది నిమిషాలు వీధిలో తిప్పండి. ఆటో హారను, గుడి మైకు, చెత్తబండి పాట, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, చేతికర్రతో నడిచే తాతగారు, పరుగెత్తే పిల్లలు, బీచ్ రోడ్డులో అలల హోరు — ఇవన్నీ దూరం నుంచి చూపిస్తూ, వినిపిస్తూ, ఒక్కొక్కదానికి ఉడికించిన కోడిమాంసం ముక్కను చిటికెన గోరంత పెట్టండి. బెదిరితే దూరం పెంచండి. టీకాలన్నీ వేయించిన, మీకు తెలిసిన ఇంటి కుక్కతో వాళ్ల ఇంటి లోపల ఆడనివ్వవచ్చు. వీధికుక్కలు తిరిగే చోట, పార్కు గడ్డిలో, ఆసుపత్రి వరండా నేలమీద దించవద్దు. ఇంట్లో కుక్కర్ కూత, మిక్సీ చప్పుడు కూడా ఇప్పుడే అలవాటు చేయండి.

ప్రశ్న: ఏడు నెలల బీగిల్‌ను తిరుపతి నుంచి సికింద్రాబాద్‌కు రైలులో తీసుకువెళ్లాలి. థర్డ్ ఏసీ టికెట్లు ఉన్నాయి. బుట్టలో పెట్టి సీటు కింద ఉంచుకోవచ్చునా? (ఒక పాఠకుడు, తిరుపతి)

జవాబు: ఉంచుకోకూడదు. థర్డ్ ఏసీ, సెకండ్ ఏసీ, స్లీపర్, చైర్ కార్ వేటిలోనూ కుక్కను వెంట తీసుకువెళ్లడానికి రైల్వే నిబంధనలు అనుమతించవు. పట్టుబడితే జరిమానా కడతారు, కుక్కను దారిలోనే బ్రేక్ వ్యానుకు, అంటే గార్డు, సామాన్లు ఉండే పెట్టెకు మారుస్తారు. ఆ గందరగోళంలో, తెలియని స్టేషన్‌లో, తెలియని మనుషుల చేతుల్లో కుక్క ఏ స్థితిలో ఉంటుందో ఊహించండి.

నిబంధనల ప్రకారం రెండు దారులు ఉన్నాయి. మొదటిది ఏసీ ఫస్ట్ క్లాస్. ఇద్దరు పట్టే కూపేగాని, నలుగురు పట్టే క్యాబిన్‌గాని మొత్తం మీ పేరునే ఉంటే కుక్క మీతో పాటు ప్రయాణిస్తుంది. చిక్కు ఎక్కడంటే, టికెట్ కొన్నప్పుడు కూపే దొరుకుతుందని హామీ ఉండదు, చార్టు తయారైనప్పుడే తేలుతుంది. అందుచేత టికెట్లు కొన్న వెంటనే, కుక్కతో ప్రయాణిస్తున్నామని, కూపే కేటాయించవలసిందని రైల్వే వాణిజ్య విభాగానికి రాతపూర్వకంగా అర్జీ పెట్టుకోండి. ప్రయాణం రోజున రెండు మూడు గంటల ముందే స్టేషన్‌లోని పార్సిల్ కార్యాలయానికి కుక్కతో సహా వెళ్లి, మీ టికెట్, టీకాల పుస్తకం, ఒకటి రెండు రోజుల ముందు తీసుకున్న పశువైద్యుని ఆరోగ్య ధ్రువపత్రం చూపి, దాని రుసుము కట్టి రసీదు తీసుకోండి. మెడ పట్టీ, గొలుసు తప్పనిసరి.

రెండో దారి బ్రేక్ వ్యానులోని డాగ్ బాక్స్. దీనికి కూడా పార్సిల్ కార్యాలయంలోనే బుక్ చేయాలి. ఆహారం, నీళ్లు చూసుకునే బాధ్యత పూర్తిగా యజమానిదే, రైలు ఎక్కువసేపు ఆగే స్టేషన్లలో మీరు దిగి పరుగెత్తవలసి ఉంటుంది. నా అభిప్రాయం అడిగితే, ఒంటరిగా ఉండడం నేర్చుకోని ఏడు నెలల కూనను చీకటి ఇనుప పెట్టెలో, చక్రాల మోత మధ్య రాత్రంతా ఉంచడం నాకు ఇష్టం లేదు. బీగిల్ అసలే గుంపుగా బతకడానికి పుట్టిన వేటకుక్క జాతి, ఒంటరితనానికి గొంతెత్తి ఏడుస్తుంది. కూపే దొరక్కపోతే కారులోనైనా వెళ్లండి, లేదా ఆ నాలుగు రోజులూ దానికి బాగా తెలిసినవారి ఇంట్లో దింపి వెళ్లండి.

కూపే దొరికితే ఒక సంగతి ముందే నేర్పాలి. చాలా ఇంటి కుక్కలు మట్టిమీదనో, గడ్డిమీదనో తప్ప మూత్రం పోయవు, రైలులో పన్నెండు గంటలు బిగబట్టుకుని బాధపడతాయి. రెండు వారాల ముందు నుంచి ఇంట్లో ఒక మూల పాత వార్తాపత్రికలు మందంగా పరిచి, ఉదయం నిద్ర లేవగానే అక్కడికి తీసుకువెళ్లి, పని అవగానే మెచ్చుకుని ముక్క పెట్టండి. ఒకసారి తడిసిన కాగితం ముక్కను కొత్త కాగితాల కింద ఉంచితే వాసనకు చోటును త్వరగా గుర్తుపడుతుంది. ఆ పరుపునే రైలులోకి తీసుకువెళ్లండి.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి కారులో శ్రీశైలం వెళ్తున్నాం. మా ఆరు నెలల పగ్ కూడా వస్తుంది. దర్శనానికి వెళ్లినప్పుడు కిటికీ అద్దాలు కొద్దిగా దించి కారులో ఉంచవచ్చునా? దారిలో అడవిలో కాసేపు ఆడించుకోవాలని పిల్లల కోరిక. (ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్)

జవాబు: రెండింటికీ వద్దనే చెప్పవలసి వస్తోంది, కారణాలు వివరంగా రాస్తాను.

బయట 24 డిగ్రీలు ఉన్న రోజున కూడా ఎండలో ఆపిన కారు లోపల పది నిమిషాల్లో 34 డిగ్రీలకు చేరుతుంది. శ్రీశైలంలో దర్శనం పది నిమిషాల్లో ముగియదు. అద్దం నాలుగు వేళ్లంత దించినంత మాత్రాన లోపలి వేడి చెప్పుకోదగినంతగా తగ్గదు. కుక్క ఒంటి నుంచి మనలాగా చెమట పట్టదు, నాలుక చాపి ఒగర్చడం ద్వారానే వేడిని బయటకు పంపుతుంది. పగ్‌కు ముక్కు, గొంతు దారులు పుట్టుకతోనే ఇరుకు, అది ఎంత ఒగర్చినా తగినంత గాలి ఆడదు. ఆరోగ్యమైన కుక్క శరీర ఉష్ణోగ్రత 38 నుంచి 39 డిగ్రీల వరకు ఉంటుంది, 41 దాటితే మెదడు, మూత్రపిండాలు దెబ్బతినడం మొదలవుతుంది. నోటిలో జిగట చొంగ, ఎర్రబారిన చిగుళ్లు, తూలే నడక కనిపిస్తే వెంటనే నీడకు చేర్చి, మామూలు చల్లని నీళ్లు ఒళ్లంతా పోస్తూ విసరండి, ఆ తరువాతే ఆసుపత్రికి బయలుదేరండి. తడిగుడ్డను ఒంటిమీద కప్పి వదిలేయకండి, అది వేడిని లోపలే నిలుపుతుంది. వేసవిలో నా దగ్గరకు వచ్చిన ఇలాంటి కుక్కలన్నింటినీ నేను బతికించలేకపోయాను, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను. ఇంట్లోవాళ్లు రెండు జట్లుగా దర్శనానికి వెళ్లండి, ఒక జట్టు కూనతో బయట నీడలో ఉండాలి.

ఇక అడవి. మన్ననూరు దాటిన తరువాత దారి అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా వెళ్తుంది, రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు అక్కడ రాకపోకలు నిలిపివేస్తారు. పగటిపూట కూడా కూనను దించకండి. చిరుతకు కుక్క ఇష్టమైన ఆహారం. అంతకంటే పెద్ద సంగతి, మన కుక్కల జబ్బులు అడవి మృగాలకు అంటుకుంటాయి. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవుల్లో కొద్ది వారాల వ్యవధిలో ఇరవైకి పైగా సింహాలు చనిపోయినప్పుడు, వాటిలో కొన్నింటిలో కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ బయటపడింది. మన నల్లమల పులులకు ఆ గతి పట్టకూడదు. మీ పగ్‌కు డిస్టెంపర్ టీకా ఇప్పటికే వేయించి ఉంటారని ఆశిస్తున్నాను. ఆటకు అడవి దారి మొదలుకాక ముందే ఏదైనా చేను గట్టు దగ్గర ఆపుకోండి. ఘాట్ రోడ్డు మలుపులలో వాంతులు రాకుండా మొదటి జవాబులో రాసినవి పాటించండి.

ప్రశ్న: మా అమ్మాయి డల్లాస్‌లో ఉద్యోగం చేస్తోంది. మేము పెంచుతున్న నాలుగు నెలల కూనను వచ్చే నెల తనతో పంపించాలని ఉంది. ఏ పత్రాలు కావాలి? (ఒక దంపతులు, గుంటూరు)

జవాబు: వచ్చే నెల సాధ్యం కాదు. 2024 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ఆరు నెలలు నిండని కుక్కను అమెరికాలోకి అనుమతించరు. కుక్కల రేబిస్ ప్రమాదం ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో భారతదేశం ఉన్నందువల్ల మరికొన్ని షరతులు కూడా వర్తిస్తాయి. ముందు మైక్రోచిప్ (చర్మం కింద అమర్చే గుర్తింపు చిప్) వేయించాలి, ఆ తరువాతే రేబిస్ టీకా. ఈ వరుస తప్పితే టీకా లెక్కలోకి రాదు, మళ్లీ వేయించవలసి వస్తుంది. టీకా వేసిన నెల తరువాత రక్తం తీసి, అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ గుర్తించిన ప్రయోగశాలకు పంపి, రేబిస్‌ను ఎదుర్కొనే శక్తి తగినంత ఉందని నివేదిక తెప్పించాలి. రక్తం తీసిన తేదీకి, ప్రయాణానికి మధ్య కనీసం 28 రోజులు ఉండాలి. నివేదిక లేకపోతే అక్కడ 28 రోజులు క్వారంటైన్‌లో ఉంచుతారు. సీడీసీ వద్ద నమోదైన సంరక్షణ కేంద్రం ఉన్న విమానాశ్రయంలోనే మొదట దిగాలి. అట్లాంటా, న్యూయార్క్ జేఎఫ్‌కే, లాస్ ఏంజెలెస్ వంటి కొన్నింటిలోనే అవి ఉన్నాయి, అక్కడ ముందుగా చోటు బుక్ చేసుకోవాలి. మన వైపు పత్రాల కోసం కేంద్ర ప్రభుత్వ పశు క్వారంటైన్ విభాగాన్ని సంప్రదించండి, దాని కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది.

ఈ రెండు మూడు నెలలు ఊరికే పోవు. విమానానికి సరిపడే క్రేట్‌ను ఈరోజే కొని, తలుపు తీసేసి ఇంట్లో ఉంచి, దాని పడకగా మార్చండి. ప్రయాణం రోజున మొదటిసారి క్రేట్‌లోకి తోస్తే అది ఇరవై గంటలకు పైగా భయంతో గడపవలసి వస్తుంది. అలవాటైన పడకలో ఉంటే ఎక్కువ భాగం నిద్రపోతుంది.

ప్రశ్న: మాది ఎనిమిది నెలల ఇండీ కుక్క. ఇంట్లో చెప్పిన మాట వింటుంది, బయట వినదు. పోయిన వారం హైవే మీద దాబా దగ్గర కారు తలుపు తీయగానే రోడ్డు మీదకు దూకింది, వెంట్రుకవాసిలో లారీ తప్పింది. ఎలా నేర్పాలి? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: కుక్క దక్కినందుకు ముందు సంతోషం. మీ ఉత్తరంలో మరోచోట, అమ్మ ‘కూసో’ అంటుందని, మీరు ‘బైఠో’ అంటారని, పిల్లలు ‘సిట్’ అంటారని రాశారు. నేర్పడంలో లోపం అక్కడే మొదలైంది. కుక్కకు మాట అర్థం తెలియదు, చప్పుడును మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. మూడు చప్పుళ్లకు ఒకే పని అంటే అది మాటలు వదిలేసి మీ చేతి కదలికను, వంటింటి వాతావరణాన్ని చూసి ఊహిస్తుంది. దాబా దగ్గర ఆ ఆనవాళ్లు ఉండవు కనుక అక్కడ దానికి మీ మాట శూన్యం. ఇంటిల్లిపాదీ కూర్చుని కూసో, ఆగు, రా, వదులు, పద అనే అయిదు మాటలు ఎంచుకుని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. అమ్మగారి మాట ‘కూసో’నే ఉంచండి, పిల్లలు దాన్ని నేర్చుకుంటారు. ఒకసారే చెప్పండి, పదిసార్లు చెబితే పదోసారికి వింటే చాలునని నేర్చుకుంటుంది.

‘రా’ అని పిలిచి వచ్చాక ఎప్పుడూ తిట్టకండి, స్నానానికి పట్టుకుపోకండి. ఎంత ఆలస్యంగా వచ్చినా ముక్క పెట్టి, వీపు నిమిరి, వీలైతే మళ్లీ ఆటకు వదిలేయండి.

కారు తలుపు దగ్గర ‘ఆగు’ నేర్పడం ఇంటి గడప నుంచే మొదలవుతుంది. గొలుసు వేసి, ‘ఆగు’ అని, తలుపును జానెడు తెరవండి. ముందుకు కదిలితే మాట్లాడకుండా తలుపు మూయండి. నిలబడితే ముక్కను లోపలి వైపే, దాని కాళ్ల దగ్గరే పెట్టండి. తలుపు పూర్తిగా తీసినా కదలకుండా అది మీ ముఖంలోకి చూసినప్పుడు ‘పద’ అనండి. గడప దగ్గర పదిసార్లకు తొమ్మిదిసార్లు ఆగిన తరువాత ఇంటి ముందు ఆపిన కారులో, ఆ తరువాత సందడి లేని వీధిలో, చివరగా రద్దీ తక్కువగా ఉండే వేళ దాబా ఆవరణలో ఇదే పాఠం చేయండి. చోటు మారిన ప్రతిసారీ పాఠాన్ని మళ్లీ జానెడు తలుపు నుంచే మొదలుపెట్టండి. అప్పటిదాకా హైవే మీద ఎక్కడ ఆగినా, ముందు మీరు దిగి, రోడ్డు వైపు కాకుండా కారుకు రెండో వైపున ఉన్న తలుపు దగ్గరకు రండి, దాన్ని సందుగా మాత్రమే తెరిచి, లోపలికి చేయి పెట్టి గొలుసు పిడిని మణికట్టుకు తగిలించుకోండి, ఆ తరువాతే సీటు బెల్టు నుంచి హార్నెస్ విప్పి ‘పద’ అనండి.